పదకొండో స్థాయి నలుపు

మా పట్నం ప్రభుత్వాసుపత్రికి ఇరవై నాలుగు ఆవిరి యంత్రాలు వచ్చాయి. వారం రోజులు చక్కగా పనిచేశాయి. తర్వాత వాటిని శుభ్రం చేశారు.

నా పేరు తవుడు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టి బతుకుతాను. మా ఊళ్ళో బడి అయిదో తరగతి దాకా ఉండేది. నేనూ అంతదాకానే ఉన్నాను. కాబట్టి ఇందులో కనిపించే పెద్ద మాటలేవీ నావి కావు. ఆఫీసు కాగితాల మీద ఉన్నవి ఉన్నట్టు దించాను.

మా పట్నంలో జూట్ మిల్లు ఉంది. ముప్పై ఏళ్ళు అందులో చేసినవాళ్ళ ఊపిరితిత్తుల్లో గోనె పీచు మిగులుతుంది. వాళ్ళ కోసమే ఈ యంత్రాలు. మా ఆవిడ పైడితల్లి ఆ మిల్లులో పద్దెనిమిదేళ్ళు చేసింది. ఆమె పోయిన ఆరో ఏట యంత్రాలు వచ్చాయి. ప్రభుత్వం ఆలస్యం చేసిందని నేననను. ఆమే తొందరపడింది.

యంత్రం పెద్ద వింతేమీ కాదు. అడుగున మందు గిన్నె. అందులో నిలబెట్టిన వత్తి. వత్తి అంటే నూలు వత్తి కాదు, సన్నని ఉక్కు జాలీని బీడీలా చుట్టినది. దాని తల చుట్టూ అయిదు చుట్లు తీగ. మీట నొక్కితే తీగ ఎర్రబడుతుంది, వత్తి పీల్చిన మందు ఆవిరవుతుంది, మనిషి గొట్టంలోంచి పీలుస్తాడు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు వత్తులన్నీ నల్లగా, వెలుతురులో కాస్త నీలంగా ఉండేవి.

మొదటి రోజు మొదటి కుర్చీలో మిల్లు లచ్చన్న కూర్చున్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. పావుగంట పీల్చి లేచాడు.

"ఒరే తవుడూ, ముక్కుకి రెండు కన్నాలున్నాయని ఇయాలే తెలిసిందిరా. ఇన్నాల్లూ ఒక్కటే అనుకున్నాను" అన్నాడు.

ఆవిరి గది ఆయా నూకాలు. కాంట్రాక్టు ఉద్యోగం, ఇద్దరు ఆడపిల్లలు, మరో ఆధారం లేదు. మూడు మెమోలు పడితే కాంట్రాక్టు మనిషిని తీసేస్తారు. ఆమెకు అప్పటికే ఒకటి ఉంది. ఒక పెద్దాయన తనిఖీకి వచ్చి మాట్లాడుతున్నప్పుడు తుమ్మింది. 'గౌరవనీయుల ప్రసంగమునకు శ్వాసకోశ అంతరాయము కలిగించుట' అని రాశారు.

ఎనిమిదో రోజున మెరుపు పక్షోత్సవం మొదలైంది.

ఆ పదిహేను రోజులు ఆసుపత్రుల్లో లోహపు వస్తువన్నదల్లా మెరవాలి. ఎంత మెరవాలో చూడడానికి పై నుంచి ఒక అట్టముక్క వచ్చింది. పేరు మెరుపు పట్టిక. దాని మీద పది గళ్ళు. ఒకటో గడి బొగ్గు నలుపు. పదో గడి అద్దం. వస్తువు పక్కన అట్ట పెట్టి చూసి అంకె రాసుకోవాలి. ఎనిమిదికి తగ్గితే ఆ వస్తువును చూసుకునే మనిషిది తప్పు.

ఆవిరి వత్తులు ఒకటో గడిలో పడ్డాయి.

నూకాలు రాత్రింబగళ్ళు తోమింది. కొబ్బరి పీచు, బూడిద, కుంకుడు రసం. ఇరవై నాలుగు వత్తులూ పదో గడికి వచ్చాయి. ఫోటోలు తీసి పైకి పంపారు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మీట నొక్కారు. ఇరవై నాలుగు ఫ్యూజులూ ఎగిరిపోయాయి.

*

నాకు కబురొచ్చింది. ఆసుపత్రి నీళ్ళ మోటారు చుట్టేది నేనే కనుక, కరెంటుతో పనిచేసేదేది చెడినా నన్నే పిలుస్తారు.

కొత్త ఫ్యూజు వేసి ఒక్క క్షణం మీట నొక్కి చూశాను. అయిదు చుట్లలో పై చుట్టు ఒక్కటే భగ్గున ఎర్రబడింది. కింది నాలుగూ చల్లగా ఉన్నాయి. ఫ్యూజు పోయింది. మీటరు పెట్టి చూశాను. ఒకటిన్నర చూపించాల్సిన ముల్లు సున్నా పక్కన వణుకుతోంది. అగ్గిపుల్లతో పై చుట్టును కొంచెం జరిపాను. ముల్లు లేచింది. వదిలాను. పడింది.

కరెంటు తీగ పొడవునా తిరిగి రావాలి. అప్పుడే తీగ మొత్తం కాలుతుంది. దగ్గర దారి దొరికితే అది తిరగదు, మనలాగే. ఇక్కడ పై చుట్టు దగ్గరే వత్తిలోకి దిగి, ఉక్కులోంచి నేరుగా కిందికి పోతోంది. నిన్నటిదాకా పోలేదు. ఇవాళ ఎందుకు పోతోంది?

వత్తిని బయటికి తీశాను. కళ్ళు చెదిరేలా ఉంది.

"దీన్నేం చేశావే?" అన్నాను.

"తోమినాను మావా. సూడు, వెండి పట్టీలాగ లేదేటి?"

"ఉంది. అందుకే కాలిపోతోంది."

ఆసుపత్రి స్పిరిటు దీపం తెప్పించాను. వత్తిని మంటలో ఎర్రగా కాల్చి చల్లార్చాను. మళ్ళీ కాల్చాను. నాలుగోసారికి నల్లని పొర పట్టింది. తీగ చుట్టి మీట నొక్కాను. అయిదు చుట్లూ ఒకేసారి ఎర్రబడ్డాయి. ఆవిరి లేచింది.

నూకాలు నోరు తెరిచి చూసింది. "అయితే ఆ నలుపు మురికి కాదేటి?"

"కాదు. అది ఉక్కుకి చర్మం. కరెంటును దాటనివ్వదు. నువ్వు తోలు ఒలిచేశావు."

"మరి నాకెవులు సెప్పినారు?"

"మీ ఇంట్లో దోసె పెనం తోముతావా?"

నాలిక కరుచుకుంది. "అమ్మో, పెనం ఎవులైనా తోముతారేటి? దోసి రాదు కదా!"

ఆ సంగతి మా ఇంట్లో తెలియనిది ఒక్కరికే. పెళ్ళయిన కొత్తలో పైడితల్లి మా అమ్మ పెనాన్ని చింతపండు, ఇటుక పొడి పెట్టి అద్దంలా తోమింది. నన్ను మెప్పిద్దామని. తర్వాత మూడు నెలలు దోసె రాలేదు, ముక్కలొచ్చాయి. ఆ మూడు నెలలూ నేను ప్రతి ముక్కకీ ఒక మాట అన్నాను. ఆమె మళ్ళీ ఆ పెనాన్ని తోమలేదు. బతికినన్నాళ్ళూ ఉల్లిపాయ ముక్కతో నూనె రాసి, గుడ్డతో తుడిచి, గోడకు తగిలించేది. ఆమె లేదు. పెనం ఉంది.

సాయంత్రానికి ఆరు వత్తులు కాల్చాను. ఏడోది మంటలో ఉండగా కూర్మనాథం గారు వచ్చారు.

*

కూర్మనాథం గారు ఉపకరణాల ఉప నిర్వహణాధికారి. ఉపకరణాన్ని ముట్టుకోరు. ముట్టుకుంటే బాధ్యత వస్తుందని వారి అనుభవం. జేబులోంచి మెరుపు పట్టిక తీసి వత్తి పక్కన పెట్టారు.

"ఒకటి" అన్నారు. "నిన్న సాయంత్రం ఈ వస్తువు పది. ఒక్క రోజులో తొమ్మిది స్థాయిల పతనం. దీనికి బాధ్యులు?"

"నేనండి. కాల్చాను. ఇప్పుడు పనిచేస్తోంది" అన్నాను.

"పనిచేయుట వేరు, ప్రమాణము వేరు. నేను అడుగుతున్నది ప్రమాణము గురించి."

"షార్టు పోయిందండి."

"షార్టు పోయినట్లు ఏ పట్టికలోనైనా కనబడుచున్నదా? నలుపు మాత్రం కనబడుచున్నది."

మర్నాడు నూకాలుకు రెండో మెమో వచ్చింది. నేను బయటివాణ్ణి కనుక నాకు మెమో ఇచ్చే వీలు లేదట. అందుకని ఆమెకు ఇచ్చారు.

'విషయము: ఆవిరి వత్తులను నల్లబరచుట. పై విషయములో తెలియజేయునది ఏమనగా, మెరుపు పక్షోత్సవ సమయములో తమరి ఆధీనములో గల వత్తులు ఏడింటిని బయటి వ్యక్తి నల్లబరచుచుండగా తమరు దీపము పట్టుకొని యుంటిరి. ఇది దీపమును దుర్వినియోగపరచుట క్రిందికి కూడ వచ్చును.'

నేను ఒక నివేదిక రాసిచ్చాను. మూడు వాక్యాలు. 'వత్తి నల్లగా ఉండాలి. నలుపు పోతే షార్టు వస్తుంది. తోమొద్దు.'

రెండు రోజుల్లో తిరిగొచ్చింది. మార్జిన్లో ఎర్ర సిరాతో రాసి ఉంది: 'నలుపు అనునది ఆమోదిత పదజాలములో లేదు. శుభ్రత ఏ మేరకు పెంచినచో షార్టు తగ్గునో స్పష్టపరచి తిరిగి సమర్పించవలెను.'

నేను తిరిగి సమర్పించలేదు. నేను కాల్చిన ఏడు వత్తుల్నీ నూకాలు మళ్ళీ తోమింది. వాటి ఫ్యూజులు మళ్ళీ ఎగిరాయి.

*

త్రిసభ్య సంఘం వచ్చింది. ముగ్గురూ ఒక యంత్రాన్ని బల్ల మీద పెట్టించుకుని చుట్టూ కూర్చున్నారు. విప్పితే గ్యారంటీ పోతుంది కాబట్టి విప్పలేదు. మీట నొక్కితే ఫ్యూజు పోతుంది కాబట్టి నొక్కలేదు. రిజిస్టర్లు తెప్పించుకుని మధ్యాహ్నం దాకా చదివారు. వాళ్ళు చదివినవాళ్ళు. విషయం దొరికింది.

'ఇప్పటివరకు సంభవించిన షార్టులన్నియు యంత్రమును విద్యుత్తునకు కలిపిన సమయములోనే సంభవించినట్లు రికార్డుల వలన తేటతెల్లమగుచున్నది. కలపని సమయములో ఒక్క షార్టు కూడ నమోదు కాలేదు.'

కాబట్టి ప్లగ్గులు పీకేశారు. చికిత్స ఆపకూడదు కనుక చికిత్స ఆపలేదు. రోగి రోజూ వచ్చి కుర్చీలో కూర్చుని, గొట్టం నోట్లో పెట్టుకుని, పావుగంట పీల్చి, వేలిముద్ర వేసి వెళ్ళాలి. దీనికి నిర్విద్యుత్ ఆవిరి చికిత్స అని పేరు పెట్టారు.

నేను వెళ్ళేసరికి లచ్చన్న గొట్టం పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆవిరేదే నూకాలూ? ఒట్టి గాలే వొస్తన్నాది" అన్నాడు.

"ఉన్నాదనుకోయే తాతా. రిజిస్టర్లో ఉన్నాది."

"రిజిస్టర్నే నోట్లో ఎట్టీయే అయితే. ఈ గొట్టమెందుకు?"

చుట్టూ ఉన్న ముసలాళ్ళు నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. ఒకరి దగ్గు ఒకరికి అంటుకుని గదంతా పది నిమిషాలు దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. పదకొండేళ్ళు మా ఇంట్లో గోడకవతల విన్నాను. లేచి బయటికొచ్చేశాను.

నెల తిరిగేసరికి షార్టులు సున్నా. వత్తులు పది. జిల్లాలో ఇలాంటి అంకెలు ఎవరికీ లేవు. 'షార్టు రహిత ఆసుపత్రి' అని ఇత్తడి ఫలకం ఇచ్చారు. ఫలకాన్ని గుమ్మం మీద బిగించే మేకులు కూడా తోమించారు.

పేరొస్తే చూడడానికి మనుషులొస్తారు. సంయుక్త సంచాలకుల వారు వస్తున్నారని ఉత్తరం వచ్చింది. 'వత్తి మెరుపు పదో స్థాయిలో ఉండగా ఆవిరి వెలువడుటను ప్రత్యక్షముగా తిలకించెదరు' అని ఉంది అందులో.

కూర్మనాథం గారు నూకాలును పిలిచి మెల్లగానే చెప్పారట. "ఆ దినమున ఆవిరి రాకపోయినను, మెరుపు లేకపోయినను, మూడవ మెమో అనివార్యము. టైపు చేయించి ఉంచాను. తేదీ ఒక్కటే వేయవలసి ఉన్నది."

*

నూకాలు మా షెడ్డుకొచ్చింది. నేను మోటారు చుడుతున్నాను. చుట్లు లెక్కపెట్టుకుంటుంటే మాట్లాడను. ఆ సంగతి ఆమెకు తెలుసు. నూట నలభై దాకా నిలబడింది.

"తోమితే ఆవిరి రాదు. కాలిస్తే మెరుపు రాదు. రెండూ కావాలంతన్నారు. ఏటి సెయ్యను మావా?"

"రెండూ కుదరవని చెప్పు."

"ఎవులికి సెప్పను? నువ్వు రాసిస్తే ఏటైనాది? నీ కాయితం నీకొచ్చింది, నా మెమో నాకొచ్చింది."

"నేను రాసింది నిజం."

"నిజమేలే. ఆ నిజం నీ కాడుంచుకో. నా ఉజ్జోగం నా కాడుంచు. నా పిల్లలు ఉక్కు చర్మం తిని బతుకుతారేటి?"

నేను మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆమె వెళ్ళిపోయింది. ఆ రోజు ఆ మోటారు మూడుసార్లు తప్పు చుట్టాను.

*

సంయుక్త సంచాలకుల వారు పదకొండింటికి వచ్చారు. వెనక కూర్మనాథం గారు, చేతిలో అట్ట, చంకలో ఫైలు. లచ్చన్నకు ఉతికిన చొక్కా తొడిగి కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల మీద యంత్రం. యంత్రంలో వత్తి. అంతకు గంట ముందు దాన్ని నేను నాలుగుసార్లు కాల్చాను. నూకాలుకు చెప్పలేదు. చెబితే వద్దనేది.

కూర్మనాథం గారు మూత తీసి అట్ట పక్కన పెట్టారు. పెట్టి, అట్టను చూడకుండా నూకాలు వైపు చూశారు.

"ఒకటి" అన్నారు. ఫైలు తెరిచి కలం మూత తీశారు.

నూకాలు గోడకు ఆనుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తుమ్ము కాదు.

"ఒకటి కాదండి. పదకొండు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నిజం చెప్పి నెల రోజులు చూశాను. ఇంక అబద్ధం చెప్పడమే మిగిలింది.

"పట్టిక పది వరకే గదా?" అన్నారు సంచాలకుల వారు.

"పది దాకా చేత్తో తోమితే వస్తుందండి. ఆ పైది చేతికి రాదు, నిప్పుకే వస్తుంది. దీన్ని అగ్నిశుద్ధి అంటారు. చూడడానికి ఒకటిలా ఉంటుంది. కానీ ఒకటి మురికి. పదకొండు మురికి పట్టడానికి ఇంక చోటే లేని శుభ్రం."

"రెండూ నల్లగానే ఉన్నప్పుడు ఒకటికి, పదకొండుకు భేదము ఎట్లు నిర్ణయింతురు?" అన్నారు కూర్మనాథం గారు. ఆయన మూర్ఖుడు కాడు. సరైన చోటే అడిగారు.

"తోమితే పోయేది ఒకటండి. ఎంత తోమినా పోనిది పదకొండు."

అది పచ్చి అబద్ధం. నాలుగు రోజులు ఓపిగ్గా తోమితే ఏ నలుపైనా పోతుంది. కానీ నాకు ఆ క్షణానికి అదే తట్టింది.

సంచాలకుల వారు వత్తిని చాలాసేపు చూశారు. "ఈ పదకొండో స్థాయి ఇతర జిల్లాలలో ఎక్కడైనా ఉన్నదా?"

"లేదండి. మన దగ్గరే."

ఆయన ముఖం వెలిగింది. ఏ పట్టికలో చూసినా పదే.

మీట నొక్కారు. అయిదు చుట్లూ ఎర్రబడ్డాయి. ఆవిరి లేచింది. లచ్చన్న గొట్టం అందుకుని పీల్చాడు. ఎగిసిన భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి. నెల రోజుల తర్వాత మొదటిసారి ఆ మనిషి పూర్తిగా ఊపిరి వదలడం చూశాను. ఏదో ఒక మాట అంటాడనుకున్నాను. కళ్ళు మూసుకుని పీలుస్తూనే ఉన్నాడు.

కూర్మనాథం గారు కలానికి మూత పెట్టారు.

*

నలుపుకు గౌరవం వచ్చింది. ఇరవై నాలుగు వత్తులూ కాల్చాం. మూడు వారాలు ముసలాళ్ళు కడుపునిండా గాలి పీల్చారు. అక్కడితో ఆగితే బాగుండేది. పదకొండున్నప్పుడు పదితో సరిపెట్టుకోవడం సోమరితనమని ఉత్తర్వు వచ్చింది. ట్రేలు కాల్చారు. బేసిన్లు కాల్చారు. మంచాల కోళ్ళు కాల్చారు. కత్తెర్లు కాల్చితే పదును పోయి, కట్టు కట్టే గుడ్డను పళ్ళతో చింపాల్సి వచ్చింది. కూర్మనాథం గారు ఆదర్శంగా ఉండాలని సొంత టిఫిన్ క్యారియరు కాల్పించుకున్నారు. గుమ్మం మీది ఇత్తడి ఫలకాన్నీ కాల్చారు. ఇప్పుడు దాని మీద ఏముందో తెలిసినవాళ్ళకే తెలుసు.

నాలుగో వారం సంచాలక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. 'పదకొండవ స్థాయికి ప్రామాణిక నమూనా లేనందున, నమూనా అందునంతవరకు నల్లని వస్తువులన్నియు ఒకటవ స్థాయిగానే పరిగణింపబడును. సంబంధిత ఆయాపై చర్య పునరుద్ధరింపబడును.'

కూర్మనాథం గారు నూకాలును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"ఎంత తోమినను పోని నలుపు గల వస్తువు. కనీసం ఇరువది సంవత్సరముల వయస్సు ఉండవలెను. మీ దృష్టిలో ఏదైనా..." అంటూ వంటింటి గోడ వైపు చూసి ఆగారు. అట్ట తీయలేదు. అవసరం లేదు.

"అది ఇవ్వను" అన్నాను.

"నమూనా భద్రముగా తిరిగి ఇవ్వబడును. రసీదు ఉండును."

"ఇవ్వను."

నూకాలు పెనం వైపు చూసింది. అదెవరిదో ఆమెకు తెలుసు. తల వంచుకుని గుమ్మం దిగింది. గుమ్మం దిగేవాళ్ళ వీపులన్నీ ఒకలాగే ఉంటాయి. పిలిచాను.

రసీదులో 'నల్లని వృత్తాకార లోహ ఫలకము, ఒకటి' అని రాశారు. నూకాలును నమూనా సంరక్షకురాలిగా నియమించారు. ఆమె పెనాన్ని ఒళ్ళో పెట్టుకుని సంచాలక కార్యాలయానికి బస్సులో వెళ్ళింది.

*

తొమ్మిదో రోజు సాయంత్రం వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. చంకలో గుడ్డ మూట.

"లోపలికి రా."

"నువ్వు ముందు ఇది సూడు మావా. తరవాత రమ్మంతే వొస్తాను."

మూట విప్పింది. పెనంలో నా ముఖం కనిపించింది.

"పరీక్ష అన్నారు" అంది నూకాలు. "ఎంత తోమినా పోనిదే పదకొండని నువ్వే సెప్పినావని రాసుకున్నారు. అయితే తోమి సూడాలి గదా అన్నారు. మొదటి రోజు పీచెట్టి తోమించినారు. పోలేదు. అందరూ సప్పట్లు కొట్టినారు. రెండో రోజు ఇటక పొడి. కూసింత పోనాది. మూడో రోజు ఆసిడ్డు తెచ్చినారు. నానే తోమినాను మావా. తోమనంతే మూడో మెమో అన్నారు. నాను సెప్పినాను, అది ఆవిడ పెనం అని. 'ఆవిడ' అనే కాలమ్ లేదన్నారు."

చేతిలో ఒక కాగితం కూడా ఉంది. చదివాను. 'పరీక్షానంతరము నమూనా తన అంతిమ స్థాయిని ప్రదర్శించినది. సదరు స్థితిలో నమూనాను ఛాయాచిత్రము తీసి అన్ని ఆసుపత్రులకు పంపడమైనది. ఇకపై పదకొండవ స్థాయి అనగా ఈ ఛాయాచిత్రమే. వత్తులన్నియు దీనికి సరిపోలునట్లు తోమవలెను. షార్టులు సంభవించినచో ప్లగ్గు తొలగించవలెను.'

అడుగున ఇంకో వాక్యం ఉంది. నమూనాను నిబంధనల మేరకు తోమినందుకు ఆయా నూకాలు మీది రెండు మెమోలూ రద్దు చేశారు.

"తిట్టు మావా" అంది.

మాటలు సిద్ధంగానే ఉన్నాయి. ముప్పై ఏడేళ్ళ కిందట వాడినవే. ఒక్కటీ తుప్పు పట్టలేదు. నోరు కూడా తెరిచాను. ఎంత తోమినా పోదని చెప్పింది నేను. ఆసిడ్డు వాళ్ళది, మాట నాది.

"పొయ్యి వెలిగించు" అన్నాను.

పెనం వేడెక్కించాం. ఉల్లిపాయ కోసి నూనె రాశాను. పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, మళ్ళీ రాశాను. ఇన్నేళ్ళూ పైడితల్లి చేస్తుంటే చూస్తూ కూర్చున్న పని. చేయి తిరగలేదు. ఇంట్లో పిండి ఉంది. మొదటి దోసె అంటుకుపోయి ఏడు ముక్కలైంది. నూకాలు తింది. రెండోది తొమ్మిది ముక్కలైంది. నేను తిన్నాను.

"మల్లీ ఎన్నాల్లకి నల్లబడతాది?"

"మూడు నెలలు."

మంట ఇంకా మండుతోంది. ఊరికే పోనివ్వడమెందుకని అటక మీది డబ్బాలోంచి ఉక్కు జాలీ ముక్క తీశాను. బీడీలా చుట్టి, పటకారుతో పట్టుకుని, పెనం పక్కనే పెట్టి నాలుగుసార్లు కాల్చాను. చల్లారాక నూకాలు దాన్ని కొంగు చివర ముడేసుకుంది.

ఇప్పుడు ఆసుపత్రిలో ఇరవై నాలుగు వత్తులున్నాయి. అన్నీ పదకొండు. అన్నీ మెరుస్తున్నాయి. ప్లగ్గులన్నీ పీకి ఉన్నాయి. షార్టులు సున్నా. గుమ్మం మీది ఫలకాన్ని మళ్ళీ తోమారు. రిజిస్టరు ప్రకారం అంతే.

కూర్మనాథం గారు పన్నెండున్నరకు భోజనానికి వెళతారు. ఒకటిన్నరకు వస్తారు. ఆ గంటలో ఆవిరి గది తలుపు లోపలి గడియ పెట్టి ఉంటుంది. బయట మిల్లు ముసలాళ్ళు గోడ నీడన వరసగా కూర్చుంటారు. లోపలి నుంచి ఒక్కొక్కరే వస్తారు, భుజాలు దించుకుని. ఎవరూ వేలిముద్ర వేయరు.

"ఈ ఇరవయ్యైదోది ఏ స్థాయిరా తవుడూ?" అని అడిగాడు లచ్చన్న నిన్న.

"ఒకటి" అన్నాను.

మా ఇంట్లో దోసె ఇంకా ముక్కలే వస్తోంది. తింటున్నాను. ఎవరినీ ఏమీ అనడం లేదు.